పక్క కుర్చీ

కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి, అందుకని అతను మోకాలు ఊపుతుంటే ఆ ఊపు ఆమె వెన్ను దాకా వస్తోంది. ఆపమని అనకూడదు. మొదట్లో దేన్నీ ఆపమనకూడదని కోచ్ చెప్పాడు, ఎదురుగా కూర్చోకక్కా, పక్కన కూర్చో, ఎదురుగా కూర్చుంటే పోలీసులా ఉంటుంది, ఎవరు కాల్చారని అడక్కు, ధైర్యంగా ఉండమని అసలే అనకు, ఆ టైములో ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది, మంచినీళ్ళు కావాలా అని అడుగు చాలు. అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. సీసా ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది, చల్లగా, బట్టలు తడుపుతూ. ఎదురుగా ఆపరేషన్ గది తలుపు, తలుపుకి గుండ్రటి అద్దం, ఎవరూ తొంగిచూడకుండా అద్దానికి లోపలివైపు కాగితం అంటించారు. కాగితం ఒక మూల ఊడింది. ఆ సందులోంచి ఆకుపచ్చ బట్ట ఒకటి కనిపించి మాయమవుతోంది, మళ్ళీ కనిపించి మాయమవుతోంది. లోపల బల్ల మీద ఉన్నవాడు బతకాలని ఈ వరండాలో ఒక మనిషి కోరుకుంటున్నాడు. రెండో మనిషి ఏం కోరుకుంటోందో ఆమెకే సరిగ్గా తెలీదు.

పొద్దున స్కూలు పిల్లల్ని దింపేసి వ్యాను వెనక్కి తిప్పుతుంటే ఫోనొచ్చింది. పిల్లలు దిగిపోయాక వ్యాన్లో మిగిలే నిశ్శబ్దం ఆమెకి అలవాటే, అయినా ఇష్టం లేదు, ఆఖరి పిల్ల దిగీదిగగానే రేడియో పెడుతుంది, పాటైనా సరే వార్తలైనా సరే, మనిషి గొంతు ఏదో ఒకటి వినిపిస్తే చాలు. రేడియో తగ్గించి ఫోనెత్తింది. కోచ్. ఒకప్పుడు పేటలో కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ నేర్పేవాడు ఆయన, తను నేర్పినవాళ్ళనే ఒక్కొక్కళ్ళని కాటికి సాగనంపాల్సి వచ్చాక విజిల్ జేబులో వేసుకుని ఈ పని మొదలుపెట్టాడు. పేటలో తుపాకీ పేలిందంటే పోలీసులు కాల్చినవాడి కోసం పరుగెత్తుతారు, డాక్టర్లు తగిలినవాడి కోసం పరుగెత్తుతారు, కోచ్ శాంతి బృందం వాళ్ళు తగిలినవాడి అన్నదమ్ముల దగ్గరికి, స్నేహితుల దగ్గరికి వెళ్ళి కూర్చుంటారు. రెండో తుపాకీ అక్కణ్ణుంచే లేస్తుంది కాబట్టి. మొదటి గంట ఎలాగోలా గడిపిస్తే పూనకం కాస్త దిగుతుంది, కాళ్ళల్లో పరుగు తగ్గుతుంది, ఏడుపొస్తుంది. ఏడుపొచ్చిందంటే ఇక ఆ పూటకి ఎవరూ చావరు.

అక్కా, పెద్దాసుపత్రికి వెళ్ళగలవా, అన్నాడు కోచ్. కడుపులో తగిలింది, ఆపరేషన్ మొదలుపెట్టేశారు, బయట అన్న ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి కదలనివ్వకూడదు. సరేనంది. కోచ్ ఫోన్ పెట్టెయ్యలేదు. గొంతు సవరించుకుని, ఇంకోటుందక్కా, అన్నాడు. తగిలింది గేరుకి. ఏ గేరు, అంది, తెలిసి కూడా. ఊళ్ళో గేరు అనే పేరుతో ఇంకొకడెవడూ లేడు. నువ్వు వద్దంటే ఒక్క మాట కూడా అనను, కానీ నేను ఊరవతల ఉన్నాను, మిగతా ఇద్దరూ ఫోనెత్తడం లేదు, నేనొచ్చేసరికి గంట పైనే పడుతుంది, అన్నాడు. ఆమె మళ్ళీ సరేనంది. ఎందుకందో తెలీదు. నోరు అనేసింది. వ్యాను దానంతటదే ఆసుపత్రి రోడ్డు పట్టినట్టనిపించింది, చేతులు ఎప్పుడు స్టీరింగు తిప్పాయో గుర్తు లేదు, రేడియోలో ఎవరో ఆడమనిషి రేపటి ఎండ గురించి చెబుతోంది.

గేరు అంటే పాత కార్ల సామాన్లమ్మేవాడు. గేరుబాక్సులు, ఇరుసులు, హారన్లు. ఓడల మీద తుక్కు కింద దిగే ఇంజన్లలో అతని సరుకు వచ్చేది. ముందు గదిలో సామాన్లు, వెనక గదిలో తుపాకులు. ఈ సంగతి ఆమెకి కోర్టులో తెలిసింది. అంతకుముందు ఆ షాపు ముందునుంచే రోజూ వ్యాను తోలుకెళ్ళేది, ఒకసారి సైడు అద్దం కూడా అక్కడే కొంది. ఆమె భర్తని కాల్చిన కుర్రాడు బోనులో నిలబడి, ఎక్కడ కొన్నావని లాయరు అడిగితే, గేరు దగ్గర, అన్నాడు, బడి పిల్లాడు టీచరుకి చెప్పినట్టు. అది ఆయన కోసం పేల్చిన తుపాకీ కాదు. ఎవరి కోసమో. ఇద్దరు కుర్రాళ్ళు బండి పెట్టుకునే చోటు దగ్గర మాటా మాటా అనుకున్నారు, ఒకడు నడుం దగ్గర చెయ్యి పెట్టాడు, ఆయన అప్పుడే కళ్ళజోడు డబ్బా పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు, అవతల బస్టాపులో ఎదురుచూస్తున్న ముసలాయనకి ఇవ్వడానికి. ముసలాయన షాపు దాకా నడవలేడని తనే బయల్దేరాడు. డబ్బా చెక్కు చెదరలేదు. తరవాత ఆ ముసలాయన ఆ కళ్ళజోడు పెట్టుకునే ఇంటికి వచ్చాడు పలకరించడానికి, కళ్ళలోకి చూడలేక పెరట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆయన మనుషుల్ని చెవులతో గుర్తుపెట్టుకునేవాడు. కళ్ళద్దాల షాపు కదా, రోజంతా చెవులతోనే పని. పేర్లు మర్చిపోయేవాడు, ఎడమ చెవి కిందికున్నావిడ, చెవి వెనక ఎముక పొడుచుకొచ్చినాయన, ఇలాగే చెప్పేవాడు, పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమెతో నీ చెవులు రెండూ ఒక్క ఎత్తులో ఉన్నాయి, నూటికి ఒక్కరికి కూడా ఉండవలా, అన్నాడు, అందంగా ఉన్నావని చెప్పడం ఆయనకి అలాగే వచ్చు. కోర్టులో విచారణ జరిగినన్నాళ్ళూ ఆమె గేరు వెనక వరసలో కూర్చుంది. కావాలని కాదు, అక్కడే ఖాళీ ఉండేది. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అతని చెవులు చూస్తూ కూర్చునేది, ఎడమది కాస్త కిందికి, ఆయనుంటే కళ్ళజోడు ఎడమ కాడ కొంచెం కిందికి వంచాలి అనేవాడు, అనిపించేది, వెంటనే తన మీద తనకే అసహ్యం వేసేది. గేరు తరఫు లాయరు ఎంత నెమ్మదిగా మాట్లాడాడో. నా క్లయింటు ఒక వస్తువు అమ్మాడు, ఆ వస్తువుతో ఎవరేం చేశారో అతనికేం సంబంధం, అన్నాడు. వెనక గదిలో దొరికింది ఒక్కటే, మిగతావి దొరకలేదు. కాల్చిన కుర్రాడు జీవితమంతా లోపలే ఉంటాడు. గేరు రెండు వేసవులు గడిపి బయటికొచ్చేశాడు, షాపుకి కొత్త రంగు వేయించాడు. ఆకుపచ్చ.

పక్కనున్నవాడి చెవులు కూడా అలాగే ఉన్నాయి. ఎడమది కిందికి. అన్నదమ్ములు కదా. వెల్డింగు పని చేస్తాడని నర్సు చెప్పింది, చెప్పకపోయినా తెలిసేది, చొక్కా చేతుల మీద నిప్పురవ్వలు పడి కాలిన చిన్నచిన్న చిల్లులు, వేళ్ళ కణుపుల్లో ఎంత కడిగినా పోని నలుపు, దగ్గర కూర్చుంటే కాలిన ఇనుము వాసన. కోర్టుకి ఇతను రాలేదు. వస్తే గుర్తుండేవాడు. ఆమె ఎవరో ఇతనికి తెలీదు. శాంతి బృందం నుంచి వచ్చింది అని నర్సు పరిచయం చేస్తే మొహం కూడా ఎత్తకుండా, మీలాంటివాళ్ళు వస్తారని విన్నాను, అన్నాడు. చూడ్డానికి మాత్రం అతను మంచివాడిలాగే ఉన్నాడు, అదే కష్టంగా ఉంది. నర్సు తమ్ముడి చెప్పులు ప్లాస్టిక్ కవర్లో వేసి ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చెప్పుకి పట్టీ తెగి ఉంటే తీగతో కట్టిన ముడి ఉంది, ఆ ముడిని వేలితో తడుముతూనే ఉన్నాడు, అది తను వేసిన ముడే అయ్యుంటుంది.

ఫోను మోగుతోంది. శబ్దం లేదు, అతని తొడ మీద వణుకుతోంది, ఆ వణుకు కూడా కడ్డీ గుండా ఆమెకి వస్తోంది. ఎత్తడం లేదు, కట్ చెయ్యడమూ లేదు. మెసేజీలు వస్తున్నాయి. ఆమె చూడకూడదనుకుంటూనే చూసింది. వాడు టైర్ల గోడౌను వెనక దాక్కున్నాడు. మళ్ళీ ఒకటి. కింద ఉన్నాం, రా. కాల్చినవాడు గేరు దగ్గర కొన్నవాడేనట, ఏదో పేచీ వచ్చి, గేరు అమ్మిన దాంతోనే గేరుని కాల్చాడట. ఇది దార్లో విన్నప్పుడు నవ్వొచ్చింది ఆమెకి, వ్యాను ఆపి, ఈ ఆసుపత్రి నర్సుతో ఫోన్లో మాట్లాడుతూ, పైకే నవ్వింది, ఆవిడేమనుకుందో. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇప్పుడొస్తున్నది ఇంకోటి, నెమ్మదిగా వస్తోంది, వెచ్చగా, చలికాలం దుప్పట్లోకి కాళ్ళు చాపినట్టు. వెళ్ళనీ. అంతే. ఆమె ఏమీ చెయ్యక్కర్లేదు. మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని ఇలాగే కూర్చుంటే చాలు, ఇతను లేస్తాడు, కిందికి దిగుతాడు, కారెక్కుతాడు, మధ్యాహ్నానికల్లా ఎవడో చస్తాడు, సాయంత్రానికల్లా ఇతను జైల్లో ఉంటాడు. లోపలున్నవాడు కళ్ళు తెరిచి అన్న ఏడని అడుగుతాడు. అడగనీ. ఒక్కరోజు అడగనీ. పొద్దున్నే లేచి పక్కకి చెయ్యి చాపితే చల్లటి పరుపు తగలడం ఎలా ఉంటుందో, రెండో కప్పు తియ్యబోయి మళ్ళీ అలమరలో పెట్టెయ్యడం ఎలా ఉంటుందో, కొంచెం తెలియనీ. ఆమెనెవరూ తప్పు పట్టరు. ప్రయత్నించాను, వినలేదు, అంటే కోచ్ భుజం తడతాడు.

అత్తగారు అన్నమాట గుర్తొచ్చింది. ఈ పనిలో చేరానని చెప్పినప్పుడు ఆవిడ, ఎవర్ని కాపాడదామనే, నా కొడుకుని చంపినవాళ్ళనా, అంది. ఆ తరవాత ఆడపడుచు ఫోన్లు తగ్గించింది. పండక్కి రమ్మనేవాళ్ళు, రమ్మనడం మానేశారు. ఆమె వాళ్ళకేం చెప్పగలదు. ఖాళీ ఇంట్లో కూర్చోలేక చేరాను అని చెప్పగలదా. మొదటిసారి కోచ్ ఆమెని తీసుకెళ్ళింది ఒక తల్లి దగ్గరికి, ఆ తల్లి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఇంకో మనిషి చెయ్యి ఎంత వేడిగా ఉంటుందో మర్చిపోయి అప్పటికి చాలా కాలమైంది. అందుకు చేరింది. గొప్ప మనసుతో చేరలేదు. ఇన్నాళ్ళూ ఎవరి పక్కన కూర్చున్నా ఆ వేడి కోసమే కూర్చుంది. ఇప్పుడు ఈ పక్కవాడి వేడి కూడా తెలుస్తూనే ఉంది, భుజానికి భుజం తగలకపోయినా, అదే ఆమెకి సహించరానిదిగా ఉంది.

మోకాలు ఆగింది. అతను లేచాడు. చెప్పుల కవరు కుర్చీలో పెట్టాడు, మళ్ళీ ఆలోచించి ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది. ఏదైనా అనాలి, అనలేదు. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది. అతను లిఫ్టు వైపు నడిచాడు, నడకలో తొందర లేదు, పనికి వెళ్ళే మనిషి నడకే. లిఫ్టు దగ్గర ఆగి బటన్ నొక్కి, వెనక్కి వచ్చాడు.

"మా అమ్మ వస్తోందక్కా. బస్సులో ఉంది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు, లిఫ్టెటో చూపించండి," అన్నాడు. "టీ తేవడానికెళ్ళానని చెప్పండి. తమ్ముడికి చిన్న దెబ్బేనని చెప్పండి. కంగారుపడుతుంది."

చిన్న దెబ్బే. కంగారేం లేదు. కళ్ళద్దాల షాపు పక్కనుండే మందుల షాపాయన ఆ రోజు గుమ్మంలో నిలబడి అచ్చం ఈ మాటలే అన్నాడు, రొప్పుతూ, నవ్వు మొహం పెట్టుకుని. ఆమె నమ్మింది. నమ్మి తీరుబడిగా సంచి సర్దింది. తువ్వాలు పెట్టింది, పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టింది, ఆసుపత్రిలో రెండ్రోజులుంచుతారేమో పేపరు చదువుకుంటాడని రెండో కళ్ళజోడు పెట్టింది, గ్యాసు కట్టేసిందో లేదో వెనక్కెళ్ళి చూసుకుంది. దార్లో మందుల షాపాయన ఏవేవో కబుర్లు చెప్పాడు. ఆసుపత్రిలో ఆ సంచి పట్టుకునే నిలబడింది, డాక్టరు నేలవైపు చూస్తూ మాట్లాడుతున్నంతసేపూ. అందరూ ఆ సంచినే చూశారు. ఆ షాపాయన చెడ్డవాడు కాడు, మంచికే చెప్పాడు, అయినా ఆ అబద్ధం ఆమెని ఇప్పటికీ వదల్లేదు, దాని వల్ల ఆమె భర్త దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్ళలేదు, సంచి సర్దుకుని వెళ్ళింది.

"చెప్పను," అంది ఆమె. గొంతు తనది కానట్టు వినిపించింది. లేచి నిలబడింది, సీసా ఒళ్ళోంచి జారి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. "నాకూ ఇలాగే చెప్పారు. నేను మీ అమ్మకి ఆ మాట చెప్పను. నువ్వే ఉండి చెప్పు."

అతను కళ్ళు చిన్నవి చేసి చూశాడు. మీవాళ్ళెవరికి తగిలింది, అని అడిగాడు. అడగాలి కాబట్టి అడిగినట్టు, లిఫ్టు వైపు ఒక కన్నేసి ఉంచి. మా ఆయనకి, అంది. బస్టాపు దగ్గర కళ్ళద్దాల షాపాయన, అంది. అతని మొహంలో ఏదో కదిలింది, పేటలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆమె ఇక్కడితో ఆపేయొచ్చు. కోచ్ అయితే ఆపేసేవాడు. మన గోడు వాళ్ళ మీద పెట్టకూడదని కూడా ఆయనే నేర్పాడు.

"ఆ తుపాకీ మీ తమ్ముడి షాపులోంచి వచ్చింది."

అరవలేదు. రేపు ఎండెక్కువ అన్నట్టు చెప్పింది. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోయేసరికి మూసుకుంది. అతను గోడకి చెయ్యి ఆనించాడు. అది ఎలా ఉండేదని అడిగాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు, తుపాకీ గురించి అడుగుతున్నాడు. కోర్టులో ప్లాస్టిక్ కవర్లో చూపించారు, చిన్నది, పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. చెప్పింది. అతను ఆ గోడకే వీపు ఆనించి కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. మళ్ళీ ఫోను వణికింది, జేబులోంచి తీసి నేల మీద పెట్టాడు, అది పలకల మీద గిరగిరా తిరుగుతూ మోగింది, ఇద్దరూ దాన్నే చూశారు, అది ఆగేదాకా.

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది, నేల మీద, ఎదురుగా కాకుండా. మోకాళ్ళు పట్టేశాయి. క్షమించిందా అంటే లేదు. ఆ క్షణంలో కూడా లేదు, ఆ తరవాతా లేదు. కానీ ఆ మాట అనేశాక లోపల ఏదో ఖాళీ అయింది, ఆ వెచ్చటి దుప్పటి ఎటు పోయిందో పోయింది, వరండా అంతా మామూలు చలి, ఫినాయిల్ వాసన, ఎక్కడో చక్రాల మంచం కిర్రుమంటోంది. అతను మాట్లాడటం మొదలుపెట్టాడు, ఆమెతోనో, నేలతోనో. గేరుబాక్సులకి అడుగున ఇంకో రేకు వేసి అతికేది తనేనట. తమ్ముడు తెచ్చి బల్ల మీద పెట్టేవాడట, అన్నా, దీనికి మూత వెయ్యి అనేవాడట, లోపలేముందో అడిగేవాణ్ణి కాదు అన్నాడు, కాసేపాగి, తెలిసేది అన్నాడు. బరువు తెలిసేది, ఊపితే బట్టలో చుట్టినవి మెత్తగా దొర్లేవి. తమ్ముడు జైలుకెళ్ళినప్పుడు పోలీసులు షాపంతా తిరగేశారు, ఇతను అతికిన డబ్బాలు మాత్రం ముట్టుకోలేదు, అతుకు అంత బాగా కుదిరింది. ఆ మాట అన్నప్పుడు గొంతులో ఒక్క క్షణం పనివాడి గర్వం తొంగిచూసింది, దానికి తనే భయపడ్డట్టు చేతులు చంకల్లో దాచుకున్నాడు. అవి ఇంకా అక్కడే ఉన్నాయక్కా, అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. మొహం మోకాళ్ళలో పెట్టుకుని, శబ్దం రాకుండా, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతూ. ఆమె చెప్పుల కవరు పట్టుకుని కూర్చుంది.

తల్లి వచ్చింది. లిఫ్టు ఎవరో చూపించినట్టున్నారు. ఇంట్లో కట్టుకునే బట్టల్లోనే వచ్చింది, పొట్టి మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది, పెద్దకొడుకు నేల మీద ఉండటం చూసి అక్కడే ఆగిపోయింది. అతను లేచి వెళ్ళాడు. ఏం చెప్పాడో ఆమెకి వినపడలేదు, చిన్న దెబ్బని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే ఆ ముసలావిడ మొహం ఒక్కసారిగా వాడిపోయింది, అయినా ఆవిడ పడిపోలేదు, కొడుకు చొక్కా పట్టుకుని నిలబడింది. తరవాత అతను తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను తీసుకుని, ఆమెని కూడా రమ్మని సైగ చేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద ఆవరణలో కారు ఆగి ఉంది, ఇంజను ఆపలేదు, వెనక పొగ వస్తోంది. రావడం లేదని చెప్పాడు. అవతలివాళ్ళు ఏదో అన్నారు, పిరికివాడనే అనుంటారు, అతని దవడ బిగుసుకుంది. మా అమ్మ వచ్చింది, పొండిరా, అన్నాడు. చాలాసేపు కారు కదల్లేదు. కిటికీ అద్దం మీద ఇద్దరి ఊపిరీ పక్కపక్కనే మసకగా పట్టింది. ఆ తరవాత కారు వెనక్కి వెళ్ళి, తిరిగి, గేటు దాటింది, గోడౌను వైపు కాకుండా పేట వైపు మళ్ళింది.

డాక్టరు బయటికొచ్చి, బతుకుతాడు, అన్నాడు. ఎలా బతుకుతాడో రెండ్రోజులాగి చెప్తాను, కాలు కదలడం కష్టం కావచ్చు, అన్నాడు. నేలవైపు చూడలేదు, తల్లి కళ్ళలోకే చూస్తూ చెప్పాడు. ఆ చూపు చూసి పక్కనే నిలబడ్డ ఆమెకి ఈర్ష్య పుట్టింది, పచ్చి ఈర్ష్య, ఆకలేసినట్టు. ముసలావిడ గబుక్కున ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది, ఎవరో ఏమిటో అడక్కుండానే, దగ్గర ఎవరున్నా అలాగే చేసేదేమో. ఆ చేతులు వేడిగా ఉన్నాయి. లాక్కోలేదు. వెల్డరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కోచ్ వచ్చేసరికి అంతా అయిపోయినట్టే ఉంది. వెల్డరు ఆయనతో మెట్ల దగ్గర నిలబడి మాట్లాడాడు, షాపులో ఉన్న ఆ డబ్బాలు పోలీసులకి అప్పగిస్తానన్నాడు, తనతో పాటు ఆమె కూడా రావాలన్నాడు, ఒక్కణ్ణే వెళ్తే మనసు మారుతుందేమోనని భయంగా ఉందన్నాడు. కోచ్ తనకి తెలిసిన పోలీసాఫీసరుకి ఫోన్ చేశాడు. వెల్డరుతో దాచకుండా చెప్పాడు, నిన్ను కూడా తీసుకెళ్తారు, నీ అంతట నువ్వే వచ్చావన్నది లెక్కలోకి వస్తుంది, అంతకు మించి నేను మాటివ్వలేను. వెల్డరు తలూపాడు. తల్లి దగ్గరికి వెళ్ళి వంగి ఏదో చెప్పాడు, ఆవిడ అతని తల నిమిరింది, ఏదో పనికి వెళ్తున్నాడనుకుంది కాబోలు, చెప్పుల కవరు ఆవిడ ఒళ్ళో పెట్టి వచ్చాడు.

ఆకుపచ్చ షట్టరు ఎత్తితే లోపల నూనె వాసన. వెనక గదిలో ఒకదాని మీద ఒకటి గేరుబాక్సులు, తుప్పు పట్టినవి, ఎవరూ ఎత్తుకుపోవాలనుకోనివి. ఆఫీసరు, ఇద్దరు పోలీసులు, కోచ్, ఆమె గోడ వారగా నిలబడ్డారు. వెల్డరు కళ్ళకి అద్దాలు పెట్టుకుని, గ్రైండరు చేతిలోకి తీసుకుని, తను అతికిన గీతనే వెతుక్కుని కోశాడు. నిప్పురవ్వలు ఆమె కాళ్ళ దాకా వచ్చి ఆరిపోయాయి. ఆ చప్పుడులో ఏ ఆలోచనా నిలబడలేదు, అది హాయిగా ఉంది. రేకు ఊడొచ్చింది. నూనె గుడ్డల్లో చుట్టి, పక్కపక్కనే సర్ది ఉన్నాయి. ఆఫీసరు ఒకటి విప్పి చూపించాడు. ఆమె ఇన్నేళ్ళుగా అనుకున్నది, అలాంటిది ఎదురుగా కనిపిస్తే తట్టుకోలేనని. తట్టుకోకపోవడానికి అందులో ఏమీ లేదు. చిన్న ఇనపముక్క, మురికిగా, ఆయన షాపులో స్క్రూలు బిగించే పనిముట్ల కంటే మోటుగా ఉంది. ఎవరి నడుం దగ్గరికీ ఇంకా చేరనిది. అది ఏ రోడ్డు మీద, ఎవరు దాటుతుండగా పేలి ఉండేదో ఎవరికీ ఎప్పటికీ తెలీదు, ఆ మనిషి ఈపాటికి ఎక్కడో ఏదో పని చేసుకుంటూ ఉంటాడు, తనకేం తప్పిందో తెలియకుండానే. వెల్డరు గ్రైండరు ఆపి, అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని ఇంకో డబ్బా లాగాడు. అన్నీ అయ్యాక చేతులు కడుక్కోవచ్చా అని ఆఫీసర్ని అడిగాడు. కడుక్కుని, జీపెక్కబోతూ ఆమె వైపు తిరిగాడు, చెయ్యి కొంచెం పైకెత్తి ఎక్కేశాడు.

సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకి దింపింది. ఆఖరి పిల్ల దిగాక రేడియో పెట్టలేదు, పెట్టాలని తోచలేదు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, మధ్యాహ్నం తినలేదు కాబట్టి నిలబడే రెండు ముద్దలు తింది, కంచం కడిగింది. ఇవాళ జరిగింది ఎవరికైనా చెబితే బాగుండుననిపించింది. ఆడపడుచు నంబరు తీసింది, కాసేపు చూసి వదిలేసింది. చెబితే ఏమంటుంది, గేరుగాడి అన్న పక్కన కూర్చున్నావా, అంటుంది, అవునని చెప్పాలి. గదిలో దీపం వెయ్యకుండా మంచం మీద కూర్చుంది. ఫోను మోగింది, తెలియని నంబరు.

నేనమ్మా, అంది అవతలి గొంతు, పొద్దున ఆసుపత్రిలో. నంబరు కోచ్ ఇచ్చాడట. చిన్నవాడి దగ్గర రాత్రికి ఎవర్నీ ఉండనివ్వరట, పంపేశారట, ఇంటికొచ్చిందట. పెద్దవాడు స్టేషన్లో ఉన్నాడు, వెళ్ళి కలిసి వచ్చిందట. మాట మాటకీ మధ్య ఆగుతోంది, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కే మనిషిలా.

"నువ్వెవరో పెద్దాడు చెప్పాడు," అంది.

ముసలావిడ తప్పైపోయిందనలేదు, దణ్ణం పెడతాననలేదు. అలాంటివి అంటే ఈమె ఫోను పెట్టేసేదేమో. అటువైపు కుళాయి కారుతున్న చప్పుడు, బొట్టుబొట్టుగా గిన్నెలో పడుతోంది. ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడే కుళాయి అంత పెద్దగా వినిపిస్తుంది, ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఆ ఇంట్లో ఇవాళ ఇద్దరి పక్కలూ ఖాళీ. ఎంతసేపో అలాగే ఉన్నారు, ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తూ. కిటికీలో వెలుతురు పోయింది.

"ఒక్కదానివే ఉంటావా అక్కడ?" అని అడిగింది ముసలావిడ.

"ఊఁ."

"తలుపు గడియ పెట్టుకున్నావా మరి?"

ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో. చీకట్లో గుమ్మం వైపు చూస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే, గడియ పెట్టలేదు.

"లేదమ్మా," అంది. "ఉండండి, పెట్టొస్తాను." ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లేచింది.